లింకుకి పరిచయం ఎవరు రాయాలి?

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు పోయిన వారం ఒక మెయిలు సిద్ధం చేసి, పంపే ముందు నాకు చూపించాడు. బంగ్లాదేశ్‌లో మా సరుకు కొనే పార్టీకి వెళ్ళాల్సిన మెయిలు. పైన "డియర్ సర్", కింద మా సంస్థ పేరు, ఫోను నంబరు. మధ్యలో ఒక లింకు కార్డు. ఎర్రటి మిరపకాయల ఫోటో, పక్కన లావు అక్షరాల్లో శీర్షిక, దాని కింద రెండు లైన్ల వివరం. ఆ వివరం కూడా వాక్యం మధ్యలో తెగి మూడు చుక్కల దగ్గర ఆగిపోయింది. అంతే. కుర్రాడు తనంతట తాను రాసిన వాక్యం ఒక్కటీ లేదు.

"ఇందులో నువ్వేం చెప్పావు?" అని అడిగాను.

"అంతా కార్డులోనే ఉంది కదక్కా," అన్నాడు.

వాణ్ణి ఏమీ అనలేకపోయాను. కొన్నేళ్ళ కిందట నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను. అలా అనుకుని రాయాల్సిన వాక్యాలు రాయకుండా వదిలేశాను. వాటిలో ఒక వాక్యం గురించి ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే ఈ పోస్టు.

మాది గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే చిన్న సంస్థ. సంస్థ పేరు మీద సొంత మెయిలు ఉంది. పాత ఉత్తరాలన్నీ మన మెషీన్‌లోనే ఉండాలని మా షావుకారు గారి పట్టుదల కాబట్టి, మేం మొదటినుంచీ కంప్యూటర్లో థండర్‌బర్డ్ అనే మెయిలు ప్రోగ్రాము వాడుతున్నాం. 2022 జూన్‌లో 102వ వెర్షన్ వచ్చినప్పుడు అందులో ఈ లింకు కార్డులు మొదలయ్యాయి. రాస్తున్న మెయిల్లో ఏదైనా లింకు పేస్టు చేస్తే, దీనికి ప్రివ్యూ చేర్చమంటారా అని అడిగింది. చేర్చమన్నాను. వాట్సాప్‌లో అలవాటైన బొమ్మ మెయిల్లోకి కూడా వచ్చిందని సంబరపడ్డాను కూడా. ఎక్కడో చిరునామాల తోకలు వేలాడుతూ ఉండే మా మెయిళ్ళు ఒక్కసారిగా పత్రిక పేజీల్లా కనిపించాయి.

ఆ కార్డు ఎలా తయారవుతుందో అప్పుడు ఆలోచించలేదు. మనం లింకు పేస్టు చేయగానే మెయిలు ప్రోగ్రామే మన తరఫున ఆ పేజీకి వెళ్తుంది. 2010లో ఫేస్‌బుక్ మొదలుపెట్టిన ఓపెన్ గ్రాఫ్ అనే పద్ధతి ప్రకారం, చాలా సైట్లు తమ పేజీల వెనకాల కొన్ని ట్యాగులు, అంటే ప్రోగ్రాములు చదువుకునే సూచనలు, రాసి పెట్టుకుంటాయి. నన్ను ఎవరైనా పంచుకుంటే ఈ శీర్షిక చూపించు, ఈ వివరం చూపించు, ఈ బొమ్మ చూపించు అని. ప్రోగ్రాము వాటిని తెచ్చి మన మెయిల్లో అతికిస్తుంది. పేజీ తెరిస్తే కనిపించే శీర్షిక ఒకటి, కార్డు కోసం రాసి పెట్టింది ఇంకొకటి కావచ్చు. రెండూ కలవాలని ఎవరూ నిర్బంధించరు. అంటే కార్డులో ఉన్నది ఆ సైటు తన గురించి తాను చెప్పుకున్న మాట. నేను చెప్పింది కాదు, ఆ పేజీ చదివినవాళ్ళు చెప్పిందీ కాదు.

షావుకారు గారి ప్రశ్న

శ్రీలంక పార్టీ ఒకాయన మా దగ్గర 334 రకం మిర్చి తీసుకుంటాడు. ఒక సీజన్లో ఆయనకి రేటు రాసి పంపుతూ, మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తగ్గాయని చెప్పడానికి ఒక వ్యాపార వార్తల సైటు లింకు కూడా పెట్టాను. నేను చెప్పదలుచుకుంది సరుకు రాక గురించి మాత్రమే. కార్డు వచ్చింది, బాగుంది, పంపేశాను.

రెండో రోజు జవాబు వచ్చింది. రేట్లు ఇంకా పెరుగుతాయని మీరే రాస్తున్నారు, మరి శనివారం దాకా పాత రేటుకే ఇస్తామని ఎందుకంటున్నారు, ఇది కోల్డ్ స్టోరేజీలో పోయినేడాది సరుకా అని.

నేను అలా రాయలేదు. కంగారుగా పంపిన మెయిలు తీసి చూశాను. కార్డులో శీర్షిక కింద వివరం ఉంది కదా, ధరలు మరింత పెరిగే అవకాశం ఉందని వ్యాపారులు అంటున్నారని అందులో ఉంది. నా స్క్రీను మీద అది గీతల గడిలో, బొమ్మ పక్కన, వేరేవాళ్ళ మాటలాగే కనిపిస్తోంది. ఆయన ఆఫీసులో మెయిళ్ళు ఉత్త అక్షరాలుగానే తెరుచుకుంటాయట. కార్డుకి ఉన్న గీతలూ రంగూ బొమ్మా హెచ్‌టీఎంఎల్ మెయిల్లో, అంటే వెబ్ పేజీలా కనిపించే మెయిల్లో, ఉన్నంతవరకే. అవి రాలిపోతే మిగిలేది మాటలే. ఆ మాటలు నా రెండు పేరాల మధ్య మూడో పేరాలాగా నిలబడ్డాయి. కింద మా సంస్థ పేరు ఉంది.

షావుకారు గారు కళ్ళజోడు పెట్టుకుని ప్రింటు తీసిన కాగితం చూశారు.

"ఈ మాట నువ్వు రాశావా అమ్మా?"

"లేదండీ. ఆ వార్తలోది. దానంతటదే వచ్చింది."

"మరి మన కాగితం మీద ఎందుకుంది?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆయన కోపంగా అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగారు. రెండు రోజులు ఫోన్లు చేసి, కొత్త సరుకు శాంపిలు మళ్ళీ కొరియర్లో పంపితే కానీ ఆ పార్టీ నమ్మలేదు. వ్యాపారంలో మెయిలంటే నోటి మాట కాదు. 2000 నాటి ఐటీ చట్టం వచ్చినప్పటి నుంచి ఎలక్ట్రానిక్ రికార్డుకి కాగితానికున్న గుర్తింపే ఉంది. రేపు తగాదా వస్తే ఆ కార్డులోని వాక్యం మేం రాసిందా, ఎవరో రాసిందా అని తేల్చడానికి ఎవరు కూర్చుంటారు?

మా నాన్న కూడా యార్డులో గుమాస్తాగానే చేశాడు. అప్పట్లో మా వీధి కుర్రాళ్ళు పనికోసం విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్లకి వెళ్తుండేవాళ్ళు. తెలిసిన షావుకార్లకి ఒక ఉత్తరం రాసిమ్మని నాన్న దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆయన వెంటనే రాసేవాడు కాదు. అరుగు మీద కూర్చోబెట్టి, ఏం చదివావు, కాటా చూడ్డం వచ్చా, ఎవరి దగ్గర చేశావు, ఎందుకు మానేశావు అని అడిగేవాడు. ఒకసారి ఒకతను "లెక్కల్లో దిట్టనని రాయండి బాబాయ్" అంటే, "నీ లెక్కలు నేను చూళ్ళేదు. పొద్దున్నే ఆరింటికి లేస్తావని తెలుసు. అది రాస్తా" అని అదే రాశాడు. కింద సంతకం తనది కాబట్టి, పైన ఉన్న ప్రతి మాటా తను చూసిందే అయుండాలని ఆయన లెక్క. లింకు పంపడం కూడా నాకు ఇంచుమించు అలాంటిదే అనిపిస్తుంది. ఒకరి గుమ్మంలోకి ఇంకొకరిని పంపిస్తున్నాం. వచ్చినవాడి చేతిలో ఉన్న ఉత్తరం వాడే రాసుకున్నదైతే, దాని కింద నా సంతకం ఎందుకు?

అరవైమూడు అక్షరాలు

ఇంత చెప్పాక, కార్డుల్లో మంచి లేదంటే అబద్ధమవుతుంది. తెలుగు చదివేవాళ్ళకి మరీను.

తెలుగు వికీపీడియాలో గుంటూరు పేజీ తెరిచి పైన ఉన్న చిరునామా కాపీ చేసి మెయిల్లో పేస్టు చేయండి. బ్రౌజరులో "గుంటూరు" అని చక్కగా కనిపించిన మాట, పేస్టు చేశాక శాతం గుర్తు, ఈ, సున్నా, మళ్ళీ శాతం గుర్తు, బీ, సున్నా అంటూ బారులు తీరుతుంది. మన ఒక్కో అక్షరం గుర్తుకీ కంప్యూటరు లోపల మూడు బైట్లు కావాలి. చిరునామాలో ఒక్కో బైటుకీ మూడు గుర్తులు. గుంటూరులో గ, కొమ్ము, సున్నా, ట, కొమ్ము దీర్ఘం, ర, మళ్ళీ కొమ్ము, వెరసి ఏడు. ఏడు తొమ్మిదులు అరవైమూడు. విజయవాడా అంతే, అరవైమూడే. ఇంగ్లీషులో ఊరి పేరున్న లింకు ఎవరైనా చదివి ఇది గుంటూరు గురించి అని పోల్చుకుంటారు. మన భాషలో ఉన్న పేజీకి ఆ అదృష్టం లేదు. మంచి తెలుగు వ్యాసం ఒకటి పంపితే, అందుకున్నవాళ్ళకి అది వైరస్ లింకులా కనిపిస్తుంది. అక్కడ కార్డు వచ్చి శీర్షికని తెలుగు అక్షరాల్లో చూపిస్తే ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు.

ఇంకా మా పెద్దమ్మ. ఆవిడ ట్యాబులో మెయిళ్ళు చూస్తుంది. నీలం రంగులో గీత ఉన్న అక్షరాల మీద నొక్కాలని ఆవిడకి ఇప్పటికీ తట్టదు. బొమ్మ ఉంటే నొక్కుతుంది. నేను కార్డులు మానేశాక రెండు మూడుసార్లు ఫోను చేసి, "ఏదో పంపానన్నావు, ఏం రాలేదే" అంది. వచ్చిందే పెద్దమ్మా, అక్కడే ఉంది అని చెప్పడానికి పది నిమిషాలు పట్టేది. కాబట్టి పెద్దమ్మకి మాత్రం ఇప్పటికీ కార్డుతోనే పంపుతున్నాను. నా నియమాన్ని అందరికీ ఒకేలా వర్తింపజేయలేకపోవడం ఈ వాదనలో ఉన్న లోపమే. ఒప్పుకుంటాను.

మా కుర్రాడి వాదన ఇంకొకటి ఉంది. "మనం రాసిన లైను ఎవరు చదువుతారక్కా, బొమ్మ చూసి నొక్కుతారు" అని. అది చాలావరకు నిజం. కానీ నొక్కేలా చేయడం నా పని కాదు. ఆ పేజీ యజమానికి కావాల్సింది నొక్కడం. నాకు కావాల్సింది, అవతలి మనిషికి నొక్కాలో అక్కర్లేదో తెలియడం. యార్డులో టిక్కీ మూతి దగ్గర మెరిసే కాయ చూసి ఎవరూ రేటు కట్టరు. చెయ్యి లోపలికి పెట్టి అడుగున కాయ తీస్తారు, తాలు, అంటే రంగు పోయిన కాయ, ఎంతుందో చూస్తారు. లింకు పంపేవాడు ముందు తను చెయ్యి పెట్టి చూసి, లోపల ఏముందో అవతలివాళ్ళకి చెప్పాలి.

చిన్న చికాకుల గురించి ఎక్కువ చెప్పను. లాగిన్ కావాల్సిన పేజీల లింకు ఇస్తే, బ్రౌజరులో ఉన్న మన లాగిన్ మెయిలు ప్రోగ్రాముకి ఉండదు కాబట్టి, కార్డులో "సైన్ ఇన్" అని మాత్రమే వస్తుంది. ఒకసారే తెరుచుకునే డౌన్‌లోడ్ లింకులుంటాయి. కార్డు కోసం ప్రోగ్రాము ముందే వెళ్ళి తలుపు తట్టి వస్తే, తర్వాత వెళ్ళినవాళ్ళకి గడువు తీరిందని రావచ్చు. షిప్పింగు కాగితాల విషయంలో ఇలా ఒకసారి ఇబ్బంది పడ్డాం.

బాబాయి చలానా

ఇది చిన్న చికాకు కాదు.

బ్రాడీపేటలో ఉండే మా బాబాయి రిటైరైన హెడ్మాస్టరు. ఆయన ఫోనుకి ఒక మెసేజీ వచ్చింది, మీ బండి మీద చలానా ఉంది, ఈ లింకులో కట్టండి అని. ఆయన బండి బయటికి తీసి ఏడాది దాటింది. అనుమానం వచ్చి నాకు పంపాడు. చాలా మంచి పని చేశాడు. తప్పు చేసింది నేను.

ఆ లింకు కాపీ చేసి, విజయవాడలో కంప్యూటర్ల పని చేసే మా తమ్ముడికి మెయిలు రాశాను, "ఇది నిజమైనదేనా చూడు" అని. బాబాయికి కూడా తెలుస్తుందని ఆయన పేరూ చేర్చాను. లింకు పేస్టు చేయగానే కార్డు వచ్చింది. మూడు సింహాల గుర్తు, రవాణా శాఖ చలానా చెల్లింపు అన్న శీర్షిక. నా ప్రశ్న దానికింద ఒక్క లైను. తొందరలో పంపేశాను.

బాబాయి ఆ మెయిలు తెరిచాడు. ముందు కనిపించింది కార్డు. పంపింది నేను. "అమ్మాయి కనుక్కుని అసలైన సైటు పంపింది" అనుకున్నాడు. నొక్కాడు. బండి నంబరు కొట్టాడు. ఏటీఎం కార్డు మీది పదహారు అంకెలు అడిగేసరికి ఎందుకో ఆగి నాకు ఫోను చేశాడు. ఆగాడు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫోను మెసేజీలో ఉన్నప్పుడు అది పిచ్చి అక్షరాల లింకు. బాబాయి దాన్ని అనుమానించాడు. నా మెయిల్లోకి వచ్చాక దానికి గుర్తు వచ్చింది, శీర్షిక వచ్చింది, నా పేరు వచ్చింది. దానికి చొక్కా తొడిగి పంపింది నేనే. మోసగాళ్ళు ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సింహాల గుర్తు పెట్టుకుంటే కార్డులో సింహాలే వస్తాయి. అసలు చిరునామా చూసుంటే తేలిపోయేది. చలానాల అసలు సైటు పరివాహన్ పేరుతో, చివర జీఓవీ డాట్ ఇన్ అని ఉంటుంది. దీనికి అలా లేదు. చిరునామా కార్డులో చిన్న అక్షరాల్లో ఉంది, బొమ్మ చూసినవాళ్ళ కన్ను అక్కడిదాకా దిగదు. పైగా కార్డు కోసం నా కంప్యూటరు ఆ దొంగ సైటుకి వెళ్ళి వచ్చింది కూడా. తెరవకూడదనుకున్న లింకుని నేను పేస్టు చేసిన క్షణంలోనే తెరిచినట్టయింది.

తమ్ముడు తర్వాత చెప్పాడు, అనుమానం ఉన్న లింకు పంపాలంటే మధ్యలో ఖాళీలు పెట్టి, నొక్కినా తెరుచుకోకుండా పంపాలని. డబ్బు పోయినవాళ్ళు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోను చేయాలని కూడా. ఈ రెండూ బాబాయి కేలండరు వెనక రాసి పెట్టుకున్నాడు.

సింగ్‌నగర్

బాధగా ఉంటుందని మొదట్లో చెప్పిన వాక్యం ఇక్కడిది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ చుట్టుపక్కలంతా మునిగింది. మా పిన్ని వాళ్ళ ఇల్లు అక్కడే. వాళ్ళబ్బాయి అమెరికాలో ఉంటాడు. వాడి ఫోన్లు ఇక్కడికి కలవడంలేదు, పిన్ని ఫోనులో చార్జింగు అయిపోయింది. కరెంటు లేదు. నేను గుంటూరు నుంచి దొరికిన వార్త దొరికినట్టు వాడికి మెయిలు చేస్తున్నాను. లింకు పేస్టు చేయడం, కార్డు రాగానే పంపడం. కృష్ణ మీదున్న ప్రకాశం బ్యారేజీకి వరద 11 లక్షల క్యూసెక్కులు దాటిందన్న కార్డు కూడా అలాగే వెళ్ళింది.

వాడు ఆ మెయిళ్ళు చూసేసరికి చాలా గంటలు గడిచాయి. వార్తల పేజీలు గంటగంటకీ మారుతున్నాయి, వరద తగ్గుముఖం కూడా పట్టింది. నా మెయిల్లోని కార్డులు మాత్రం నేను పేస్టు చేసిన నిమిషం దగ్గరే ఆగి ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి, అన్నీ నీళ్ళ బొమ్మలే. పైగా వాళ్ళ వీధిని ముంచింది బుడమేరు, కృష్ణ కాదు. బ్యారేజీ అంకె చూసి వాడు ఇల్లు కొట్టుకుపోయిందేమో అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే పిన్ని వాళ్ళ పక్కింటాయన నాకు ఫోను చేశాడు. పిన్ని వాళ్ళిద్దరూ పైవాటాలో ఉన్నారు, మంచినీళ్ళు, పాల ప్యాకెట్లు పడవలో అందాయి అని. ఆ మాట నాకు తెలుసు. వాడికి రాయలేదు. రాశాననే అనుకున్నాను. ఎందుకంటే అప్పటికి ఆరో ఏడో మెయిళ్ళు పంపాను, అన్నీ నిండుగా కనిపించాయి. స్క్రీను నిండా బొమ్మలూ శీర్షికలూ ఉంటే, చెప్పాల్సింది చెప్పేశామనే అనిపిస్తుంది. ఖాళీ కాగితం మీద లింకు ఒక్కటే నీలంగా పడి ఉంటే, దాని పక్కన ఏదో ఒకటి రాయకుండా చెయ్యి ఆగదు. "పిన్ని వాళ్ళు పైవాటాలో ఉన్నారు, క్షేమం" అన్న నాలుగైదు మాటలు ఆ ఖాళీలో పడేవి. కార్డు ఆ ఖాళీని మింగేసింది.

వాడు తర్వాత నన్నేమీ అనలేదు. "అక్కా, నువ్వొక్క ముక్క రాసుంటే నిద్రపోయేవాణ్ణి" అని మాత్రం అన్నాడు.

ఆ వారంలోనే థండర్‌బర్డ్ సెట్టింగుల్లో కంపోజిషన్ విభాగంలోకి వెళ్ళి, లింకులకి ప్రివ్యూలు చేర్చమన్న చోట టిక్కు తీసేశాను (పెద్దమ్మకి పంపేటప్పుడు మాత్రం మళ్ళీ పెడతాను). ఇప్పుడు లింకు పంపితే దాని పైన నా మాట ఉంటుంది. ఇది ఏ తేదీది, ఇందులో మీకు పనికొచ్చేది ఏ భాగం, మిగతాది వదిలేయొచ్చా, నేను దీన్ని నమ్ముతున్నానా లేదా. తెలుగు పేజీ అయితే దాని పేరు తెలుగులో నేనే రాసి, ఆ పేరుకే లింకు తగిలిస్తాను. అరవైమూడు అక్షరాల బెడద అలా తీరిపోయింది. దీనికి ఒక్కో లింకుకీ రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. రద్దీగా ఉన్న రోజు విసుగ్గానే ఉంటుంది. అలాంటప్పుడు లింకే పంపడం మానేస్తున్నాను. మానేసిన వాటిల్లో ఒక్కదాని గురించీ ఎవరూ నన్ను అడగలేదు.

మా కుర్రాడి మెయిలు దగ్గరికి మళ్ళీ వస్తాను. కార్డు తీసేసి, ఆ పేజీలో ఏముందో రెండు వాక్యాల్లో రాయమన్నాను. రాయాలంటే చదవాలి కదా. వాడు అప్పటిదాకా దాన్ని తెరిచి చదవలేదు. పావుగంట చదివి, మొహం ఎర్రగా చేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఇది పోయిన సీజను వార్త."

లింకు తీసేశాడు. ఆ ఉదయం యార్డులో తేజ రకం మిర్చి ఎంత పలికిందో కాటా గుమాస్తాకి ఫోను చేసి కనుక్కుని, ఆ రేటు తనే రాసి పంపాడు.